మతి పోయిన స్పెక్ట్రమ్ అనలైజర్ గారికి

మహారాజశ్రీ స్పెక్ట్రమ్ అనలైజర్ గారి దివ్యసముఖానికి, తిరుపతి నుంచి మీ రిపేరు సేవకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలమైన సిగ్నల్ ఉందో తెర మీద గీసి చూపించే తమరు కూడా నిన్న మధ్యాహ్నం దాకా క్షేమమే.

ఆదివారం పూట అన్నం తిని కాసేపు నడుం వాల్చాల్సినవాణ్ని, పోనీలే పాపం అని మీ మూత విప్పాను. ప్రాసెసర్ బోర్డు మీది 3 వోల్టుల లిథియం బ్యాటరీకి పాత యజమాని అంటించిన చీటీలో 2014 అని ఉంది. ఏ రాత్రో అది ప్రాణం విడిస్తే తమరి జ్ఞాపకాలన్నీ దానితోనే పోతాయి. ఊళ్లో నాలుగు షాపులు తిరిగితే అందరి దగ్గరా బిళ్ల బ్యాటరీలే. సోల్డర్ చేసే కాళ్లున్నది మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించుకున్నాను. పాతది పీకి కొత్తది పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది.

అరగంట వేడెక్కనిచ్చి, తమరి లెక్క సరిచూడ్డానికి తమరే పుట్టించే కాలిబ్రేషన్ సిగ్నల్‌నే కేబుల్‌తో తమరి ఇన్‌పుట్‌కి ఇచ్చాను. దాని ఫ్రీక్వెన్సీ 300 మెగాహెర్ట్జ్, పవర్ మైనస్ 20 డీబీఎం (సిగ్నల్ పవర్‌ని చెప్పే కొలత). తమరు మైనస్ 26 అని సెలవిచ్చారు. 6 డీబీ తేడా అంటే పవర్‌లో నాలుగో వంతు. వంద నోటిస్తే పాతికే ఇచ్చావని దబాయించే కండక్టరుకీ తమరికీ తేడా ఏమిటి?

మర్యాదలు ఇక చాలు. నువ్వు పుట్టినరోజున ఫ్యాక్టరీలో ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర నీ తప్పెంతో కొలిచి, ఆ దిద్దుబాటు అంకెలు నీ బుర్రలో పెట్టి పంపారు. బ్యాటరీ మార్చిన ఆ రెండు నిమిషాల్లో అవన్నీ మరచిపోయావు. ఆ బుర్రని బ్యాటరీ మీద ఎందుకు బతికించారు? కరెంటు లేకపోయినా మరచిపోని మెమరీ చిప్పులు అప్పటికే ఉన్నాయి కదా! ప్లేటు బిర్యానీ ఖరీదు చేయని బ్యాటరీ చేతిలో నీ ఆస్తి పత్రాలన్నీ పెట్టిన మహానుభావుడు ఎదురుపడితే అడుగుదామని ఉంది. నీ కాలిబ్రేషన్ బటన్ నొక్కితే ఆ 300 దగ్గర ఒక్కచోట దారికొచ్చావు. మిగతా చోట్ల నీ ఇష్టం.

నీ ఫ్యాన్ పిండిమర మోత, అంకెలు ఎగరేసుకుపోయే నీ నాబ్, ఇవన్నీ ఓర్చుకున్నాను. ఇన్‌పుట్ పక్కనే 1 వాట్ మించకూడదని రాసి ఉన్నా ఒక కుర్రాడు 5 వాట్ల వాకీటాకీ తగిలించి, లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించే నీ అటెన్యుయేటర్ కాల్చినప్పుడు కూడా వాణ్ని తిట్టాను గానీ నిన్ను ఒక్క మాట అనలేదు.

నా తప్పు లేదా అంటే, ఉంది. బ్యాటరీ పీకేముందు ఆ అంకెలన్నీ రాసుకోమని నీ సర్వీస్ మాన్యువల్ చెబుతూనే ఉంది. నేనే పదిమందికి చెప్పాను. శివరాత్రినాడు రాయడం మొదలుపెట్టాను కూడా. కపిలతీర్థం పోదాం రమ్మని ఇంట్లో కేకేస్తే పన్నెండో అంకె దగ్గర నోట్‌బుక్ మూశాను. ఇప్పుడు తెరిస్తే పన్నెండంటే పన్నెండే, కింద తెల్లకాగితం.

ఇంతకీ ఆ పాత బ్యాటరీని మీటరు మీద పెట్టి చూశాను. 3.02 వోల్టులు. నిక్షేపంలా ఉంది! లిథియం చివరిదాకా ఇలాగే నిండుగా కనిపించి ఉన్నట్టుండి పడిపోతుందని నాకు తెలుసు, అయినా కడుపు మండింది. పారేయబుద్ధి కాలేదు, చొక్కా జేబులోనే ఉంది.

రేపు కాలేజీలో పనిచేసే స్నేహితుడి దగ్గర సిగ్నల్ జెనరేటర్, పవర్ మీటర్ బతిమాలి తెచ్చుకుని, నీ తప్పులన్నీ మొదటి నుంచి కొలవాలి. అప్పటిదాకా కేబుల్ టీవీ యాంప్లిఫైయర్లు రెండు బెంచీ కిందే.

రాత్రి ఊరికే యాంటెన్నా ముక్క తగిలించాను. 88 నుంచి 108 మధ్య ఎఫ్ఎం స్టేషన్లు ఎక్కడివక్కడే గడ్డిపోచల్లా లేచాయి. వాటి ఎత్తులే అబద్ధం, చోట్లు మాత్రం చక్కగా చెప్పావు. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. నిన్ను ఆఫ్ చేయలేదు, యూపీఎస్ మీదే ఉంచాను. పొద్దునకి ఇంకేం మరచిపోతావో అని భయం.