‘టేక్ ఫైవ్’ మన ఖండచాపు కాదు

అమెరికన్ జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ నలుగురు సభ్యుల బృందం (క్వార్టెట్) 1959 డిసెంబరులో విడుదల చేసిన ‘టైమ్ అవుట్’ ఆల్బమ్ గురించి సంగీతప్రియుల మధ్య చేతులు మారుతున్న సందేశం సారాంశం ఇది: బ్రూబెక్ 1958లో భారతదేశానికి వచ్చి, అయిదు లెక్కల కర్ణాటక తాళమైన ఖండచాపు విని వెళ్లి, ఆ ఆల్బమ్‌లోని అయిదు లెక్కల రచన ‘టేక్ ఫైవ్’ రాశాడు, అప్పటిదాకా జాజ్‌కు నాలుగు లెక్క తప్ప మరో నడక తెలియదు, ఆల్బమ్‌లోని ఏడు రచనలూ బేసి లెక్కలవే, విమర్శకులు తొలిరోజే బ్రహ్మరథం పట్టారు. ఇందులో నిలిచేది బ్రూబెక్ ఆ ఏడాది ఇక్కడికి వచ్చాడన్న ముక్క ఒక్కటే.

‘టేక్ ఫైవ్’ రాసినవాడు బ్రూబెక్ కాదు, ఆ బృందంలో ఆల్టో సాక్సొఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. డ్రమ్మర్ జో మోరెల్లో కచేరీలకు ముందు తెర వెనుక అయిదు లెక్కలో చేతులు ఆడిస్తుంటే డెస్మండ్ దాని మీద స్వరాలు అల్లేవాడు. ఆ అలవాటు నుంచి పుట్టిన రెండు బాణీలను అతను తెచ్చి ఇస్తే, వాటిని ఒక వరుసలో కూర్చడం బ్రూబెక్ వంతు అయింది. 1977లో మరణించిన డెస్మండ్ ఆ రచన రాయల్టీని అమెరికన్ రెడ్ క్రాస్‌కు రాసి వెళ్లాడు. తనది కాని ఆస్తికి ఎవరూ వీలునామా రాయరు కదా.

ఖండచాపు మాట ఇంకాస్త నిదానంగా చూడాలి. మన దగ్గర అది మామూలుగా ‘తక తకిట’ (రెండు, మూడు) అని నడుస్తుంది; ‘టేక్ ఫైవ్’లో పియానో పట్టుకున్న నడక ‘తకిట తక’ (మూడు, రెండు). వరుస మారిందన్నది చిన్న సంగతే, దానితోనే వాదం తేలదు. అయితే లెక్క కలిసినంత మాత్రాన చుట్టరికం కలపలేం: రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ రెండో భాగం 1893 నాటికే అయిదు లెక్కలో ఉంది. ఆ పర్యటన నుంచి ఈ ఆల్బమ్‌లోకి నేరుగా వచ్చింది ‘బ్లూ రోండో ఎ లా టర్క్’; దానికి మూలం అదే పర్యటనలో ఇస్తాంబుల్ వీధి వాద్యగాళ్లు వాయించగా బ్రూబెక్ విన్న తొమ్మిది లెక్క. ‘తక తక తక తకిట’ అని మూడుసార్లు, నాలుగోసారి ‘తకిట తకిట తకిట’ అని చేత్తో తాళం వేస్తూ చెప్పుకుంటే దాని ఎత్తుగడ పట్టుబడుతుంది. భారతదేశపు ముద్రే కావాలంటే అంతకుముందు ఏడాది వచ్చిన మరో ఆల్బమ్‌లోని ‘కలకత్తా బ్లూస్’ వినాలి.

నాలుగు లెక్క గురించి చెప్పినదీ తప్పే. జాజ్ డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ మూడు లెక్కతోనే ఒక ఆల్బమ్ నింపింది 1957లో; జాజ్ పియానిస్టు ఫ్యాట్స్ వాలర్ మూడు లెక్క రచన ‘జిటర్‌బగ్ వాల్ట్జ్’ 1942 నాటిది. ఇక ‘టైమ్ అవుట్’ చివరి రెండు రచనలు ఆరు లెక్కవి. అందులోదే ‘స్ట్రేంజ్ మెడో లార్క్’ తాళం పట్టని పియానోతో మొదలైనా తర్వాత స్థిరపడేది మామూలు నాలుగులోనే.

బ్రహ్మరథం సంగతికొస్తే, జాజ్ పత్రిక డౌన్ బీట్‌లో విమర్శకుడు ఐరా గిట్లర్ 1960లో ఈ ఆల్బమ్‌కు అయిదింటికి రెండే నక్షత్రాలు ఇచ్చాడు. అన్నీ సొంత రచనలే కావడం, నాట్యానికి పనికిరాని నడకలు, అట్టమీద నీల్ ఫుజీటా చిత్రం చూసి దాన్ని విడుదల చేసిన కొలంబియా రికార్డుల కంపెనీలో అమ్మకాలవాళ్లే జంకితే, అధ్యక్షుడు గొడార్డ్ లీబర్సన్ వెనుక నిలబడ్డాడు. ‘టేక్ ఫైవ్’ సింగిల్ 1961లో అమెరికాలో పాటల జనాదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 25వ స్థానానికి ఎక్కింది, అదే ఏడాది ఆల్బమ్ రెండో స్థానానికి చేరింది. అంటే జనాదరణ పండడానికి రెండేళ్లు పట్టింది.

రెండు నక్షత్రాలు పిసినారితనమే అని నా అభిప్రాయం. అలాగని పెదవి విరిచినవాళ్లందరినీ చెవిటివాళ్లని కొట్టిపారేయలేను: ‘బ్లూ రోండో’లో అంత ఆర్భాటంగా తొమ్మిది లెక్క ఎత్తుకున్న బృందం, సోలోల వంతు వచ్చేసరికి నాలుగులోకి దిగిపోతుంది. ‘టేక్ ఫైవ్’లో మోరెల్లో మాత్రం అలా దిగడు, పియానో ఆ ‘తకిట తక’ను వదలకుండా పట్టుకుని ఉండగా, దాని మీదే తన సోలో మొత్తం నడుపుతాడు.