కోతులన్నీ ఒకటి కావు, 98 శాతం లెక్కా కోతిది కాదు

“మనిషికీ కోతికీ డీఎన్‌ఏ 98 శాతం ఒకటే. రోగనిరోధక జన్యువులూ అవే. కోతులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఆరు కోతుల్లో పనిచేసిన టీకా మనకూ పనిచేస్తుంది, వాటికి హాని చెయ్యని మందు మనకూ చెయ్యదు.” వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది. ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

“98 శాతం ఒకటే.”

ఆ అంకె చింపాంజీది. పరిశోధనల్లో ఎక్కువగా వాడే రీసస్ కోతి జన్యుపటం 2007లో వచ్చింది, అందులో మనతో పోలిక దాదాపు 93 శాతం. పైగా ఇది మొత్తం మీద తీసిన సగటు. సూక్ష్మజీవులతో పోరాడే జన్యువులు మిగతావాటికన్నా వేగంగా మారతాయి, ఆ సంగతి సగటులో కనిపించదు.

“రోగనిరోధక జన్యువులూ అవే.”

వైరస్ ప్రోటీన్‌లోంచి 8–10 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి) ముక్కను పట్టుకుని, రోగంతో పోరాడే తెల్ల రక్తకణమైన టీ కణానికి చూపించే అణువులను ఎంహెచ్‌సీ అనే జన్యువులు తయారుచేస్తాయి. మనలో ఇవి 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఒక్కో క్రోమోజోమ్‌కు ఏ, బీ, సీ అని తలా ఒకటి. రీసస్ కోతిలో సీ జన్యువే లేదు. ఏ, బీ మాత్రం పదేపదే నకళ్లయ్యాయి. ఎన్ని నకళ్లున్నాయన్నది ఒకే కోతికి తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్‌లో ఒకలా, తండ్రి నుంచి వచ్చినదాంట్లో మరోలా ఉండొచ్చు.

హెచ్‌ఐవీ రీసస్ కోతికి అంటకపోవడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇలాంటి తేడాయే. దాని ట్రిమ్5 ఆల్ఫా ప్రోటీన్ కణంలోకి దూరిన హెచ్‌ఐవీ లోపలి తొడుగును (క్యాప్సిడ్) పట్టుకుని ఆపేస్తుందని 2004లో తేలింది. మన ట్రిమ్5కు ఆ పట్టు లేదు. అందుకే కోతుల్లో హెచ్‌ఐవీకి బదులు, కోతుల్లో ఉండే దాని బంధువైన ఎస్‌ఐవీ వైరస్‌ను వాడతారు.

“కోతులన్నీ ఒకేలా ఉంటాయి.”

ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. మన ఊళ్లలో తిరిగే టోపీ జుట్టు బానెట్ కోతి, ఉత్తరాది రీసస్ కోతి అసలు వేరు జాతులు. ఒక్క రీసస్‌లోనే భారత మూలం వాటికీ చైనా మూలం వాటికీ తేడా ఉంది. మాము-ఏ1*001 అనే ఎంహెచ్‌సీ జన్యు రూపం (మాము అంటే రీసస్ కోతి ఎంహెచ్‌సీ అని గుర్తు) భారత మూలం కోతుల్లో దాదాపు ఐదింట ఒకదానికి ఉంటుంది, చైనా మూలం వాటిలో అరుదు. మాము-బీ*08 అనే మరో రూపం ఉన్న కోతుల్లో సుమారు సగం, ఏ టీకా లేకుండానే ఎస్‌ఐవీని అదుపులో పెట్టుకుంటాయి.

ఇప్పుడు ఆరేసి కోతుల రెండు గుంపులనుకోండి. టీకా గుంపులో బీ*08 ఉన్నవి మూడు పడి, రెండో గుంపులో ఒక్కటీ పడకపోతే, పనికిరాని టీకా కూడా గెలిచినట్టే కనిపిస్తుంది. అందుకే ముందు రక్తం తీసి జన్యు రూపాలు చూడాలి. ఇలా ఫలితాన్ని తారుమారు చేయగల ఏ1*001, బీ*08, బీ*17 రూపాలు ఉన్నవాటిని రెండు వైపులా సమానంగా పంచి, ఆ తర్వాతే మిగిలినవాటికి చీటీ తియ్యాలి. ఈ పరీక్షకు మనుషుల ప్రైమర్లు (జన్యువును వెతికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వాడితే కొన్ని రూపాలకు అవి అతుక్కోవు. రెండు రూపాలున్న కోతి ఒక్కటే ఉన్నట్టు తేలుతుంది. చిన్న ముక్కల సీక్వెన్సులను మనిషి జన్యుపటానికి జతచేస్తే నకళ్లన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకటే జన్యువులా కనిపిస్తాయి.

ఒక మినహాయింపు చెప్పాలి. కొన్ని శతాబ్దాల క్రితం నావికుల వెంట మారిషస్ చేరిన కొద్దిపాటి సైనోమోల్గస్ అనే మరో జాతి కోతుల సంతతిలో ప్రధానంగా ఏడు ఎంహెచ్‌సీ హాప్లోటైపులే (ఒకే క్రోమోజోమ్ మీద కలిసి వచ్చే జన్యు రూపాల గుత్తులు) ఉన్నాయి. ఒకే రకం కోతులు కావాలనుకునే పరిశోధకులు అందుకే వాటిని ఎంచుకుంటారు.

“వాటికి హాని చెయ్యని మందు మనకూ చెయ్యదు.”

2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే కొత్త మందును తొలిసారి ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. సైనోమోల్గస్ కోతులు తట్టుకున్న మోతాదులో అది 500వ వంతు. ఆరుగురికీ సైటోకైన్ తుఫాను (రోగనిరోధక సంకేత రసాయనాలు ఒక్కసారిగా ఒంట్లో ఉప్పొంగడం) వచ్చి, ఐసీయూ పాలయ్యారు. ఆ మందు అతుక్కునే, టీ కణాల మీద ఉండే సీడీ28 అనే గ్రాహకం (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) బయటి భాగం కోతిలోనూ మనలోనూ అక్షరం తేడా లేదు. తేడా అది ఎక్కడ ఉందన్న దాంట్లో. మన ఎఫెక్టర్ మెమరీ సీడీ4 కణాల (పాత శత్రువును గుర్తుపెట్టుకుని వెంటనే స్పందించే టీ కణాలు) మీద సీడీ28 ఉంటుంది, ఆ కోతుల్లో అవే కణాల మీద ఉండదు. జన్యు సీక్వెన్సు సరిపోయిందని ఆగకుండా, ఏ కణం మీద గ్రాహకం ఎంతుందో రెండు జాతుల రక్తంలోనూ ఫ్లో సైటోమెట్రీతో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో చూసి కొలిచే పద్ధతి) లెక్కపెట్టాకే మనిషికి తొలి మోతాదు నిర్ణయించాలి.