వర్చువల్ స్ట్రింగ్స్‌తో గుండె కరగదన్న మెసేజ్‌కు జవాబు

వరంగల్, కరీంనగర్ వైపు జానపద పాటలకు, షార్ట్ ఫిల్ములకు మ్యూజిక్ చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "కంప్యూటర్ స్ట్రింగ్స్‌తోని గుండె కరగదు. లక్షలు పోసి లైబ్రరీ కొనాలె, పెద్ద సిస్టం ఉండాలె. లేకుంటె మైనర్ కార్డు పట్టి రివర్బ్ పెంచుడే. మన రాగాలకైతే అసలే పనికిరావు." కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇది చదివి ప్రయత్నమే మానుకుంటున్నారు. ఇందులో కొంతైనా నిజం ఉన్నది చివరి మాటలోనే.

వర్చువల్ స్ట్రింగ్స్ అంటే వయొలిన్, చెల్లో లాంటి తీగ వాద్యాల నోట్లను ముందే రికార్డు చేసి, కంప్యూటర్‌లో కీబోర్డుతో వాయించుకునేలా పెట్టినవి. ఆ రికార్డుల కట్టనే లైబ్రరీ అంటారు. లక్షల సంగతి ముందు తేల్చేద్దాం. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ అనే లైబ్రరీ ఉచితం. సైజు 200 ఎంబీ దగ్గర ఉంటుంది, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ హాయిగా మోస్తుంది. మధ్యలో టిక్ టిక్ మని శబ్దం వస్తే లైబ్రరీని తప్పుపట్టకండి, బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని ముందుగా సిద్ధం చేసి పెట్టుకునే జాగా) చూడండి. వాయించేటప్పుడు 128 లేదా 256, మిక్సింగ్‌లో 1024 పెట్టుకుంటే చాలు. డబ్బు పెట్టి కొన్నవాటిలో లేయర్లు (తేలిక, గట్టి అని విడివిడి రికార్డులు) ఎక్కువ, మైకుల పొజిషన్లు ఎక్కువ. ఆ తేడా నిజమే. కానీ చేతకాని ప్రోగ్రామింగ్‌ను ఏ లైబ్రరీ కాపాడదు.

ఇక "కరగదు" అన్న మాట. కరగకపోవడానికి కారణం తొంభై పాళ్ళు మాడ్ వీల్‌ను (కీబోర్డు మీద పక్కన ఉండే చిన్న చక్రాన్ని) ముట్టకపోవడమే. పియానోలో గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. పొడవాటి స్ట్రింగ్ నోటుకు చాలా లైబ్రరీల్లో ఆ లెక్క పనిచేయదు. అక్కడ బలాన్ని నడిపేది మిడి (కీబోర్డు కంప్యూటర్‌కు పంపే సంకేతాల భాష) కంట్రోలర్ 1, అంటే మాడ్ వీల్. కమాను తేలిగ్గా లాగిన శాంపిల్ (రికార్డు ముక్క), గట్టిగా లాగిన శాంపిల్ విడివిడిగా రికార్డు చేసి ఉంటాయి. వీల్ కదిపితే ఒకటి తగ్గుతూ ఇంకోటి పైకి వస్తుంది, శబ్దం రంగే మారుతుంది. కంట్రోలర్ 11, అంటే ఎక్స్‌ప్రెషన్, వాల్యూమ్‌ను మాత్రమే పెంచి తగ్గిస్తుంది. చాలామంది 11 ఒక్కటే కదిపి, "ప్రాణం లేదు" అంటారు. రేడియో సౌండు పెంచితే పాడేవాడి గొంతులో ఆవేశం పెరగదు కదా. చిన్న కీబోర్డుకు వీల్ లేకపోతే ఏదో ఒక నాబ్‌ను 1కి కేటాయించుకోండి.

రెండో తప్పు, నాలుగు వేళ్ళతో కార్డు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) మొత్తం ఒకే ప్యాచ్‌లో (లైబ్రరీలో ఒక విభాగపు శబ్దంలో) పట్టడం. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు 16, రెండోవి 14, వయోలాలు 12, చెల్లోలు 10, బేసులు 8 ఉండటం మామూలు. 16 వయొలిన్ల ప్యాచ్‌లో నాలుగు నోట్లు పడితే 64 వయొలిన్లు మోగినట్టు. అందుకే అది హార్మోనియంలా వినిపిస్తుంది. ఒక్కో విభాగానికి ఒక్కో ట్రాక్, ఒక్కో ట్రాక్‌లో ఒకసారికి ఒకే నోటు. ప్యాచ్‌లో లెగాటో (నోటు నుంచి నోటుకు తెగకుండా సాగడం) ఉంటే ఒక నోటు చివర, తర్వాతి నోటు మొదలు కాస్త ఒకదానిపై ఒకటి పడాలి, లేకపోతే అల్లిక తెగిపోతుంది. లెగాటో నోటు ఆలస్యంగా పలుకుతుంది కాబట్టి ఆ ట్రాక్‌ను వినుకుంటూ ముందుకు జరపండి. ఎంత జరపాలన్నది లైబ్రరీని బట్టి మారుతుంది.

"మైనర్ కార్డు, రివర్బ్" (విషాదంగా అనిపించే కార్డు, గది ప్రతిధ్వని) అన్న మందు అసలు మందే కాదు. ఆస్ట్రియా స్వరకర్త మాలర్ ఐదో సింఫనీలోని అడాజియెట్టో అనే భాగం మైనర్‌లో కాదు, ఎఫ్ మేజర్‌లో ఉంది. అందులో మోగేవి స్ట్రింగ్స్, హార్ప్ అంతే. అది విని కళ్ళు చెమర్చనివాళ్ళు తక్కువ. బాధ పుట్టేది ఒక స్వరం దిగాల్సిన చోట దిగకుండా ఆగినప్పుడు. చేసి చూడండి. శివరంజని రాగం, స = సి, టెంపో 66. మధ్య సి అంటే మిడి నంబర్ 60 (సాఫ్ట్‌వేర్‌ను బట్టి దాన్ని సి3 అనో సి4 అనో చూపిస్తుంది, అందుకే నంబర్లే చెబుతున్నాం). మొదటి రెండు బార్లు: బేసు 31, చెల్లో 43, రెండూ పంచమమే. వయోలా 57, ధైవతం. రెండో వయొలిన్ 62, మొదటి వయొలిన్ 74, రెండూ రిషభం. మూడో బార్‌లో బేసు 36కి, చెల్లో 48కి వెళ్ళి షడ్జమంలో నిలుస్తాయి. వయోలా 55కి దిగుతుంది, రెండో వయొలిన్ 63కి, గాంధారానికి ఎక్కుతుంది. మొదటి వయొలిన్ మాత్రం 74ను వదలదు. కింద అందరూ మారినా రెండు బీట్లు అలాగే పట్టుకుని ఉండి, అప్పుడు 72కి, షడ్జమానికి దిగుతుంది. ఆ రెండు బీట్లలోనే గొంతులో ముద్ద అడ్డుపడినట్టు ఉంటుంది. మాడ్ వీల్ 35 దగ్గర మొదలుపెట్టి ఆ ఆగిన నోటు మీదికి 90 తీసుకెళ్ళండి, దిగేటప్పుడు 50కి తగ్గించండి. టెంపో కూడా అక్కడ రెండు మూడు తగ్గిస్తే ఊపిరి తీసుకున్నట్టుంటుంది. ఒకే కర్వ్‌ను అన్ని ట్రాకులకు కాపీ చేయొద్దు. బేసు 60 దాటనక్కర్లేదు, వయోలా కాస్త ఆలస్యంగా పెరగాలి.

రివర్బ్ ఇదంతా అయ్యాకే. డిస్కవర్ లండన్‌లోని మైదా వేల్ స్టూడియోలో రికార్డైంది, ఆ గది ధ్వని శాంపిల్‌లోనే ఉంది. దాని మీద ఐదు సెకన్ల హాల్ రివర్బ్ వేస్తే పై ఉదాహరణలో రిషభం దిగినట్టే తెలియదు, షడ్జమం మీద కూడా దాని తోక మోగుతూ ఉంటుంది. రెండు సెకన్లు, ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఆగే సమయం) 20 మిల్లీసెకన్లు, రివర్బ్‌లో 200 హెర్ట్జ్ కింద కోత. అంతే.

"మన రాగాలకు పనికిరావు" అన్నదాంట్లో రాగానికి దెబ్బ తగిలేది ఎక్కువగా కార్డులతోనే. శివరంజని అంటే స రి2 గ2 ప ధ2. సి మైనర్ కదా అని అలవాటుగా ఎ ఫ్లాట్ మేజర్ కార్డు వేస్తారు. ధ2 అంటే ఎ నేచురల్, ఆ కార్డుతో రాగం అక్కడే విరిగిపోతుంది. సి మైనర్ సిక్స్త్, డి సస్ ఫోర్, జి సస్ ఫోర్ రాగం స్వరాలతోనే వస్తాయి, వాటితో చాలా దూరం నడవొచ్చు.

గమకం దగ్గర మాత్రం మెసేజ్ రాసినవాళ్ళతో ఏకీభవిస్తాం. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) తిప్పితే 16 వయొలిన్లూ ఒకేసారి, ఒకే కొలతలో జారతాయి. మనుషులు అలా జారరు. వర్చువల్ విభాగాన్ని నిలకడ స్వరాలకే ఉంచి, గమకాలున్న స్వరాల వరుసను ఒక్క మనిషి చేత వాయించండి. వయొలిన్ నేర్చుకునేవాళ్ళు వరంగల్‌లో ఉన్నారు. పిలిచేటప్పుడు "సి మైనర్" అనకండి, "ఒకటి శ్రుతి, శివరంజని" అనండి. ఫ్యాన్, కూలర్ ఆపి, వెనక గోడకు మందపాటి బొంత వేలాడదీసి, మైకును వయొలిన్‌కు రెండున్నర అడుగుల పైన పెట్టండి. మూడు నాలుగు టేకులు తీసుకోండి. మిక్స్‌లో ఆ ఒక్క వయొలిన్‌ను వర్చువల్ మొదటి వయొలిన్ల కన్నా కొంచెం ముందు ఉంచితే, చెవి దాన్నే పట్టుకుని వెనకున్నవాళ్ళను కూడా మనుషులనే నమ్ముతుంది.