మూడ్రోజుల్లో తేల్చేస్తానన్న మావయ్య

కంచరపాలెంలో మా ఇంటికి నీళ్ల మోటారు ఒకటి, అన్నదమ్ములం ఇద్దరం. కింద వాటా అన్నయ్యది, పైది నాది. స్విచ్ ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర మాట పెరిగి బిందెలు ఎగిరాయి. "మూడ్రోజుల్లో తేల్చేస్తాను, బెంగెట్టుకోకండి" అంటూ బొబ్బిలి నుంచి మావయ్య దిగాడు. దిగి మూడేళ్లయింది. మెట్ల కింద గదిలో మకాం. మూడు రోజులు అన్నయ్య భోజనం, మూడు రోజులు నాది. ఆదివారం మాత్రం ఉభయపక్షాలూ చేపల పులుసు పంపాలి. ఆ విషయంలో ఆయన పూర్తిగా తటస్థుడు.

మొదట్లో విసుక్కునేవాణ్ణి. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపం సంగతి చదివాక గౌరవం కలిగింది. అక్కడ గ్రీకు, తుర్కు సైప్రియాట్లు కొట్టుకుంటుంటే 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతి సైన్యం పంపాలని తీర్మానించింది. ఎన్నాళ్లకని? మూడు నెలలకు. అరవై ఏళ్లు దాటినా, గడువు ముగిసినప్పుడల్లా పొడిగించుకుంటూ ఇప్పటికీ అక్కడే ఉంది. 1974లో తుర్కియే సైన్యం దిగి ద్వీపం రెండు ముక్కలైనప్పుడూ అక్కడే ఉంది, మావయ్య కళ్లెదుటే మా పైపు రెండైనట్టు. రాజధాని నికోసియా విమానాశ్రయం రెండు వర్గాల మధ్య ఎవరికీ కాని నేలలో పడిపోయింది. ఓ పాత ట్రైడెంట్ విమానం అక్కడే తుప్పు పడుతోంది. అదే మన విశాఖ బీచ్‌రోడ్డులో అయితే కుర్సుర జలాంతర్గామి సరసన నిలబెట్టి టికెట్ పెట్టేవాళ్లం. దేశ నిర్మాణం తెలీని మనుషులు!

హైతీలో 2010లో శాంతి సైనికుల శిబిరం మురుగు నదిలో కలిసి కలరా పాకింది. పదివేల మంది దాకా పోయారు. సమితి క్షమాపణకు 2016 డిసెంబరు దాకా పట్టింది. వ్యంగ్యం రాసేవాడికి ఇక్కడ చెయ్యాడదు. ముందుకెళ్దాం.

అఫ్గానిస్తాన్‌లో అమెరికా, దాని మిత్రులు ఇరవై ఏళ్లు కూర్చుని దేశాన్ని కట్టారు. కాగితాల మీద మూడు లక్షల అఫ్గాన్ బలగం. ఉపాధి పనుల మస్టర్ చూసినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు: పేరుంటుంది, జీతం పడుతుంది, మనిషే ఉండడు. 2021 ఆగస్టు 15న, మనం జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకున్న రోజే, కాబూల్ తాలిబన్ల చేతికి మారింది.

మనమూ ఒకసారి ఈ మావయ్య వేషం కట్టాం. 1987లో శ్రీలంకకు శాంతి సేనను పంపాం. ఎవరి ఆయుధాలు దింపించడానికి వెళ్లామో వాళ్లతోనే యుద్ధం చేసి, వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని, 1990లో తిరిగొచ్చాం. అక్కడి ప్రభుత్వం, తమిళ పులులు (ఎల్టీటీఈ) ఒక్క విషయంలోనే ఏకమయ్యారు: మనం వెళ్లిపోవాలని.

ఈ ముక్క మావయ్యకు చదివి వినిపించాను. ఆయనకు టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే మొన్న అన్నయ్యా నేనూ టీ తాగుతూ, ఆయన్ని అడక్కుండానే, మోటారుకి టైమర్ పెట్టించేశాం. కిందకి ఇరవై నిమిషాలు, పైకి ఇరవై. తగువు అయిపోయింది.

మావయ్య టైమర్ వైపు చాలాసేపు చూశాడు.

"బాగానే ఉందిరా. మరి ఇది సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోడానికి ఒక మనిషి ఉండొద్దేటి?"

ఈ ఆదివారం పులుసు వంజరంతో పెట్టమన్నాడు.