రిలీవింగ్ లెటర్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ రిలీవింగ్ లెటర్ గారికి భీమవరం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల మాజీ ఉద్యోగులు చేసుకొను విన్నపములు. ఉద్యోగం మానేసినవాడికి పాత కంపెనీ ఇవ్వాల్సిన కాగితమైన తమరు, పాత ఓనరు గారి బీరువాలో క్షేమంగా ఉన్నారని తలుస్తాం. బయట మా క్షేమం అంతంతమాత్రంగా ఉందండి.

తమరు నిండా ఒక పేజీ ఉండరు. చెప్పాల్సినవీ మూడే: ఎప్పుడు చేరాడు, ఏం పని చేశాడు, ఎప్పుడు మానేశాడు. ఆ మూడు ముక్కల కోసం రొయ్యల మేత కంపెనీలో ఫీల్డు కుర్రాడి పాట్లు చూడండి. సిమ్ము, బండి, గుర్తింపు కార్డు అప్పగించి బాకీలేవీ లేవని రాయించుకునే నో డ్యూస్ ఫారం పట్టుకెళితే, అకౌంట్స్ వారు రైతుల బాకీల జాబితా చేతిలో పెడతారు. అరువిచ్చింది కంపెనీ, మేత తిన్నది రొయ్య, పంట తుడిచిపెట్టింది వైట్‌స్పాట్ జబ్బు. బాకీ తీర్చాల్సింది మాత్రం రాజీనామా ఇచ్చినవాడట! మానేసే ముందే ఏ రైతు దగ్గర ఎంత నిలవుందో రాసి, పై అధికారి చేత సంతకం పెట్టించుకున్నవాడే ఆ గుమ్మం దాటుతున్నాడు. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఇంకో చిత్రం: లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తమరితోపాటే అదే బీరువాలో కాపురం. చేరిన రోజే ఏయే కాగితాలిచ్చారో రాయించి, ముద్రతో రసీదు తీసుకోకపోతే తరవాత అడిగే నోరుండదు.

కోప్పడకండి గానీ, తమరు లేకుండా బతికే దారులు కొన్ని దొరికాయి. అపాయింట్‌మెంట్ లెటరు, ఆఖరి మూడు నెలల జీతం స్లిప్పులు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు ఉండనే ఉన్నాయి. పన్ను కోసి ఉంటే ఆదాయపు పన్ను శాఖ వారి 26ఏఎస్ పట్టీలో ఓనరు గారి పేరే సాక్ష్యం చెబుతుంది. అన్నిటికన్నా గట్టిది పీఎఫ్ సర్వీసు హిస్టరీ. మానేసిన తేదీని పాత కంపెనీ వేయకపోతే, ఆఖరి చందా పడ్డ రెండు నెలల తరవాత పీఎఫ్ వారి యూఏఎన్ పోర్టల్లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. అయితే ఆ చందా పడ్డ నెలలోని తేదీయే వేయాలి, వేసేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఖాళీగా ఉన్న నెలల్ని కప్పెట్టడానికి రెజ్యూమేలో తేదీలు సాగదీసే మహానుభావులు దొరికిపోయేది కూడా ఇక్కడే. గొడవపడి మానేసినవాణ్ణి క్షమించే కంపెనీలున్నాయి గానీ, తేదీ మార్చినవాణ్ణి నమ్మేవి తక్కువ.

ఇక రిఫరెన్సుల సంగతి, అంటే మన పని గురించి చెప్పేవాళ్ల సంగతి. హైదరాబాదు కంపెనీలైతే వెరిఫికేషన్ ఏజెన్సీకి అప్పజెబుతాయి. వాళ్లు హోదా, తేదీలు, మళ్లీ తీసుకుంటారా అనే ప్రశ్నతో ఓ మెయిల్ పంపుతారు. మన డెల్టాలో అంత శ్రమ దేనికండీ? కొత్త ఓనరూ పాత ఓనరూ సంక్రాంతి పందేల బరి దగ్గర పక్కపక్కనే కూర్చుంటారు. ఒక పుంజు పడేలోపు మన జాతకం తేలిపోతుంది.

అందుకే పాత ఓనరు ఒక్కడి మీదే ఆధారపడకుండా చూసుకుంటున్నాం. మన పని కళ్లారా చూసి, తరవాత తనూ మానేసిన సూపర్‌వైజరే మొదటి పేరు. ప్రాసెసింగ్ ప్లాంటులో అయితే క్వాలిటీ విభాగం పెద్ద, కొనుగోలుదారు తరఫున సరుకు తనిఖీకి వచ్చినాయన కూడా పనికొస్తారు. పేరు ఇచ్చేముందు వాళ్లకి ఫోన్ చేసి అడగాలి. ఏ ఉద్యోగానికో చెప్పి, రెజ్యూమే వాట్సాప్‌లో పంపాలి. చెప్పాపెట్టకుండా నంబరు ఇచ్చేస్తే, ఆయన ‘ఎవరండీ?’ అంటాడు. పాత ఓనరు తిట్టినా ఇంత నష్టం ఉండదు.

ఇంటర్వ్యూలో మన కథ ఒక్క వాక్యమే: ‘నోటీసు పీరియడ్ దగ్గర తేడా వచ్చింది, లెటరు ఇవ్వలేదు, పీఎఫ్, జీతం వివరాలు ఇవిగోండి.’ వాళ్లు అడక్కముందే ఇది చెప్పేయాలి. ఓనరు గారి గుణగణాల వర్ణన మొదలెడితే అవతలివాడు రేపు తన గురించీ ఇలాగే అంటాడని లెక్కేసుకుంటాడు.

చిత్తగించవలెను.

తా.క. తమరికి నేరుగా రాసినా బదులు రాదు గనక, ఓనరు గారికే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా ఇంకో ఉత్తరం వేస్తున్నాం. అందులో తిట్లుండవు. రాజీనామా తేదీ, ఆఖరి పనిదినం, అప్పగించిన వస్తువులు, కావలసిన కాగితాలు, 15 రోజుల గడువు ఉంటాయి. ఇచ్చారా, సరే. లేదా, ఆ ఉత్తరం నకలూ అందిన రసీదూ కలిపి పిన్ను కొట్టి, తమరు ఉండాల్సిన చోట కొత్త కంపెనీ ఫైల్లో పెట్టిస్తాం.