ప్రహరీ లోపలి పోరు

సంఘర్షణ ప్రాంతాల్లో పనిచేసే సహాయ సిబ్బందికి తుపాకీ గుళ్ల భయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ముళ్లకంచె లోపల, నెలల తరబడి అవే నాలుగు ముఖాల మధ్య బతకడం మరో పరీక్ష. ఆ పరీక్షలో వారికి కోచింగ్, మధ్యవర్తిత్వం తోడుగా ఉండాలి. చీకటి పడితే గేటు దాటకూడదు. పనిచేసిన చోటే భోజనం, పక్క గదిలోనే పైఅధికారి. రాత్రి జనరేటర్ ఎప్పుడు ఆపాలన్న దానిపై ఇద్దరి మధ్య మాటామాటా పెరుగుతుంది. మర్నాడు వాహనాలు ఏ దారిన వెళ్లాలో తేల్చే సమావేశంలో ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పైకి అది డీజిల్ తగాదా. లోపల ఉన్నవి నిద్రలేని రాత్రులు, నిన్న దగ్గర్లో పడిన షెల్, ఇంటికి కలవని ఫోను. ఏ వంతెన దగ్గర కొత్త తనిఖీ కేంద్రం వెలిసిందో తెలిసిన మనిషి ఆ సంగతి రెండోవారికి చెప్పకపోతే, ప్రాణాలు పోవచ్చు.

2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని కెనాల్ హోటల్‌పై జరిగిన బాంబు దాడిలో ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లో సహా 22 మంది మరణించారు. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ మానవతా దినంగా పాటిస్తున్నారు. ఆ దాడి తరువాత ప్రహరీలు ఎత్తు పెరిగాయి, లోపలి మనుషుల గురించిన ఆలోచన మాత్రం అంతగా పెరగలేదు. 2024లో సమితి లెక్క ప్రకారమే 383 మంది సహాయ సిబ్బంది హతులయ్యారు. వారిలో అత్యధికులు స్థానికులు. కఠిన ప్రాంతాల్లోని అంతర్జాతీయ ఉద్యోగులకు సమితి కొన్ని వారాలకొకసారి విశ్రాంతి సెలవు ఇస్తుంది. స్థానికంగా నియమితులైన డ్రైవరుకు, దుభాషికి, గోదాము గుమస్తాకు సాధారణంగా అది వర్తించదు. సెలవిచ్చినా వారు వెళ్లేది ఎక్కడికి? యుద్ధం వారి వీధిలోనే ఉంది.

కోచింగ్ అనగానే పరీక్షల శిక్షణ గుర్తుకొస్తుంది. ఇక్కడి కోచ్ పాఠం చెప్పరు, మందు రాయరు. పరుగులో కొట్టుకుపోతున్న మనిషిని కాసేపు నిలబెట్టి, తన నిర్ణయాలను తానే పరికించుకునేలా ప్రశ్నలు వేస్తారు. మధ్యవర్తీ అంతే, తీర్పు ఇవ్వరు, విన్నది బయటపెట్టరు, ఒప్పందానికి రావలసింది తగాదా పడిన ఇద్దరే. ఉద్యోగుల ఫిర్యాదులను ఏ పక్షమూ వహించకుండా వినేందుకు 2002లో ఏర్పడిన సమితి అంబుడ్స్‌మన్ కార్యాలయం ఇలాంటి సేవ అందిస్తోంది. చిన్న సంస్థల్లో మాత్రం ఫిర్యాదు వినవలసిన మనిషే చాలాసార్లు ఫిర్యాదుకు కారకుడు.

ఒక హద్దు కచ్చితంగా గీయాలి. లైంగిక వేధింపులు, అధికార దుర్వినియోగం దర్యాప్తు చేయవలసినవి. వాటిని రాజీ పేరుతో మూసిపెట్టడం నేరం చేసినవారికి అండగా నిలవడమే.

దాతలు ఈ సేవను పరిపాలనా ఖర్చుగా చూసి ముందుగా దీనికే కోత పెట్టడం మానుకోవాలి. గుళ్లు తగలకుండా తొడిగే కవచానికి నిధులిచ్చేటప్పుడు ఎవరూ బేరమాడరు కదా! పథకం మొదలైన రోజునుంచే దీనికి నిధులు కేటాయించాలని, కోచ్‌లు, మధ్యవర్తులు కార్యాలయ అధికార క్రమానికి వెలుపలివారై ఉండాలని మేము కోరుతున్నాం. స్థానిక సిబ్బందికి ఇది వారి సొంత భాషలో అందాలి. రోజంతా ఇతరుల మాటలు మోసే దుభాషి, తన గోడు చెప్పుకోవడానికి మరో దుభాషిని వెతుక్కోవలసి రాకూడదు.