రీలు కొనేముందు సాకు చూసుకోండి

గేలం వేసేది చేపలు పట్టడానికే అనుకునే అమాయకులు మన విశాఖపట్నంలో ఇంకా కొంతమంది ఉన్నారు. పెద జాలారిపేటలో వాళ్ళు అనుకుంటే అర్థం ఉంది, వాళ్ళకి అది బతుకుతెరువు. మన సంగతి వేరు కదా, ఆదివారం తెల్లారకుండానే లేచి, అంచు టోపీ ఒకటి, ఎండే లేని టైంలో నల్ల కళ్ళద్దాలు ఒకటి తగిలించుకుని, పదకొండు గళ్ళున్న ఎరల డబ్బా బండి ముందు పెట్టుకుని భీమిలి రోడ్డెక్కేవాళ్ళం, మనకి కావాల్సిందల్లా మధ్యాహ్నం ఇంటికొచ్చాక గుమ్మంలో ఎదురయ్యే ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు. ప్రశ్న మీకు తెలిసిందే. "ఏవండీ, ఏమైనా పడ్డాయా?"

అందుకే మధ్యరకం ధరలో బెయిట్‌కాస్టింగ్ రీలు, అంటే గేలం కర్రకి బిగించి దారం చుట్టే మర, ఏది కొనమంటారు అని కుర్రాళ్ళు అడుగుతుంటే నాకు వాళ్ళ భవిష్యత్తు మీద బెంగ పట్టుకుంటోంది. గేర్ రేషియో ఎంత, బేరింగులెన్ని, చేప లాగితే దారాన్ని బిగబట్టే డ్రాగ్ ఎన్ని కేజీలు లాగుద్ది అని అడుగుతారే తప్ప, ఈ రీలుతో ఎన్ని సాకులొస్తాయి సార్ అని ఒక్కడూ అడగడు. చదువులు అలా ఉన్నాయి.

చూడండి. రెండు వేల రీలు కొన్నారనుకోండి, చేప పడకపోతే రీలు చెత్తది అనేస్తారు, ఉన్నది ఒకటే సాకు, ఒక్క ఆదివారానికి అరిగిపోద్ది, రెండో వారం "మరి మంచిది కొనుక్కోవచ్చుగా" అంటారు. నలభై యాభై వేల జపాన్ రీలు కొన్నారా, ఇక నోరెత్తడానికి లేదు, తప్పంతా మీ బొటనవేలిదే అని లోకం తేల్చేస్తుంది. మధ్యలో ఉంది చూశారూ, అమెరికాలో వంద నుంచి రెండొందల డాలర్లు, మన దగ్గరికి సముద్రాలు దాటి కస్టమ్స్ దాటి వచ్చేసరికి పన్నెండు వేలకి అటూఇటూగా మొదలయ్యేది, అదండీ బంగారం. సగం తప్పు రీలుదనొచ్చు, సగం గాలిదనొచ్చు, మీ వాటాకి ఏమీ మిగలదు. షిమానో ఎస్సెల్లెక్స్, డైవా టాటులా లాంటివన్నీ ఈ గుంపులోవే. షిమానో అయితే ఇంకో సౌకర్యం కూడా ఉంది, ఆ కంపెనీ 1921లో జపాన్‌లో ఒసాకా పక్కన సకాయ్‌లో మొదలైందే సైకిల్ ఫ్రీవీలుతో, ఇప్పటికీ సైకిల్ గేర్లకి అదే పెద్ద పేరు, కాబట్టి బిల్లు ఇంట్లో ఎవరి చేతికైనా చిక్కితే "బాబు సైకిలుకి గేర్లు" అని సరిపెట్టుకోవచ్చు. బాబుకి సైకిలుంటే మంచిది.

అసలు ముందు చేప సంగతి తేల్చుకోవాలి. ఈ రీళ్ళు ఏ బాస్ చేప కోసం ఇంత ముద్దుగా తయారయ్యాయో ఆ లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికాది, మంచినీటి చేప. మన గోస్తని నదికి గానీ మన సముద్రానికి గానీ దాంతో చుట్టరికం లేదు. మనకి సీబాస్ అంటే పండుగప్ప, బెంగాలీలు భెట్కి అంటారు, ఆస్ట్రేలియా వాళ్ళు బారముండి అంటారు, ఏరు సముద్రంలో కలిసే ఉప్పుటేరు దగ్గర తిరుగుద్ది. పుట్టడం మగదిగా పుట్టి కొన్నేళ్ళయ్యాక ఆడదిగా మారే చేప అది. దాని దవడ పక్క మొప్ప రేకులు బ్లేడులా ఉంటాయి, దారానికి తగిలితే సర్రున తెగుద్ది, అందుకని చివర లీడరు అనే మందపాటి దారం ముక్క ముడెయ్యాలి. వెయ్యకండి. "పెద్దది పడింది, మొప్పతో కోసేసి పోయింది" అనేది ఈ విద్యలో అన్నిటికంటే ఉత్తమమైన సాకు, దాన్ని యాభై రూపాయల లీడరు కోసం వదులుకునేవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు.

ఇక గేర్ రేషియో. ఎస్సెల్లెక్స్‌లో 6.3, 7.2, 8.2 అని మూడు రకాలొస్తాయి, టాటులా 100 మోడల్లో 6.3, 7.1, 8.1. అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లోపల దారం చుట్టుకునే స్పూలు అన్నిసార్లు తిరుగుద్ది, 7 దరిదాపుల్లో ఉన్నదైతే ఒక్క తిప్పుకి ముప్పై అంగుళాల దారం లోపలికొస్తుంది. లోతుకి దిగి బరువుగా లాగే ఎర అయిన క్రాంక్‌బైట్‌కి తక్కువ రేషియో హాయి, వానపాము లాంటి ప్లాస్టిక్ ఎర ఆడించి, చేప కొట్టగానే వదులు దారం గబగబా చుట్టెయ్యాలంటే ఎక్కువ రేషియో కావాలి, ఒకే రీలు కొనగలిగినవాడికి మధ్యలో ఏడు చాలు. ఇంతే, మూడు వాక్యాల విషయం. కానీ నేను 7.1కీ 7.2కీ మధ్య పదిహేను రోజులు నిద్రపోలేదు. ఆ పాయింటు ఒకటి తేడా కోసం ఎక్సెల్ షీటు తయారుచేశాను, ఆఫీసులో, ఆఫీసు టైములో, మా మేనేజరు వెనకాల నిలబడి చూసి "బడ్జెట్టా?" అంటే అవునన్నాను. అబద్ధం కూడా కాదు.

ఈ పాయింట్ల పిచ్చి మనకొక్కళ్ళకే ఉందనుకోకండి. 1932 జూన్ 2న అమెరికా జార్జియాలో జార్జ్ పెర్రీ అనే ఆయన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు, అంటే పది కేజీల పైమాట, ప్రపంచ రికార్డు. డెబ్భై ఏడేళ్ళ తర్వాత 2009 జూలైలో జపాన్ బివా సరస్సులో మనబు కురిటా ఇంకోటి పట్టాడు, తూకంలో దాదాపు ఒక ఔన్సు ఎక్కువే వచ్చింది, కానీ పాత రికార్డు కొట్టాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువుండాలన్నది రూలు, అందుకని ఇద్దరూ సమానం అని తీర్పిచ్చారు. పైగా కురిటా వాడింది పదకొండు గళ్ళ డబ్బాలోని ఎర కాదు, బతికున్న చిన్న చేపని గుచ్చి వేశాడు. పెర్రీ అయితే ఆ రికార్డు చేపని ఇంటికి తీసుకెళ్ళి వండించుకుని తిన్నాడు. ఈ ముక్క నేను నోరు జారి ఇంట్లో చెప్పాను. "ఆయన ఇంటికి తెచ్చాడు" అని రెండు నెలలపాటు విన్నాను.

బ్రేకుల దగ్గర కాస్త ఆగాలి, సాకుల గని ఇక్కడే ఉంది. బెయిట్‌కాస్టర్‌లో ఎర విసిరినప్పుడు స్పూలు తనే గిరగిరా తిరిగి దారం వదులుతుంది. ఎర గాల్లో నెమ్మదిస్తుంది, స్పూలు మాత్రం అదే జోరులో ఉంటుంది, బయటికెళ్ళలేని దారం అక్కడే ఉబ్బి చిక్కుపడి కూర్చుంటుంది. దీన్ని బ్యాక్‌లాష్ అంటారు. నాకైతే సేమ్యా ఉడకబెట్టి గిన్నెలో వేసినట్టు కనిపిస్తుంది. దీన్ని ఆపడానికి రెండు రకాల బ్రేకులు: స్పూలు జోరుగా తిరిగేకొద్దీ చిన్న చిన్న ముక్కలు బయటికి జరిగి రాసుకునే సెంట్రిఫ్యూగల్, అయస్కాంతాలు స్పూలుని తాకకుండానే పట్టి ఆపే మాగ్నెటిక్. ఎస్సెల్లెక్స్‌ది మొదటి రకం, టాటులాది రెండో రకం. ఏది మంచిదని అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళున్నాయి. ఈ మధ్య ఇంకొంచెం డబ్బు పెడితే లోపల చిన్న కంప్యూటరు ఉండి బ్రేకు అదే వేసుకునే డీసీ రకం కూడా వస్తోంది, విసిరితే కుయ్యిమని కూత పెడుతుంది, అది మాత్రం కొనకండి, కంప్యూటరే బ్రేకేసిందంటే ఇక మీ తరఫున వాదించడానికి ఏం మిగుల్తుంది?

ఇప్పుడు మన ఊరి గొప్పతనం చూడండి. పగలు నేల వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడుతుంది, అంటే సరిగ్గా మన మొహానికి. ఎదురుగాలికి ఎర ఠక్కున నెమ్మదిస్తుంది, సేమ్యా తయారు. తెల్లవారుజామున వెళ్తే గాలి నేల మీంచి సముద్రానికి పోతుంది, వెనకనుంచి తోస్తుంది, ఎర హాయిగా దూరం పడుద్ది. కాబట్టి తెలివైనవాడు ఎనిమిదింటికి టిఫిను చేసి బయల్దేరతాడు. హ్యాండిల్ పక్కనుండే బుడిపె తిప్పి, ఎర తనంతట తాను మెల్లగా దిగి నేలకి తగలగానే స్పూలు ఆగేలా పెట్టుకోవాలి, మొదట్లో బ్రేకు బాగా బిగించుకుని చెయ్యి తిరిగేకొద్దీ వదులు చెయ్యాలి, ఎర నీళ్ళకి తగిలే ముందు బొటనవేలితో స్పూలుని నొక్కాలి, ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే మా మేడ మీద మొదటిసారి విసిరాను, గేలం ముల్లు తీసేసి బరువు మాత్రం కట్టుకుని. అది పక్కింటి దండెం మీద ఆరేసిన పంచెకి చుట్టుకుంది. పక్కింటి రిటైర్డ్ మాష్టారు కింద నుంచి "ఏం బాబూ, ఏమైనా పడ్డాయా?" అన్నారు.

సేమ్యా విప్పుకోవడానికి చిట్కా ఒకటుంది. స్పూలు మీద బొటనవేలు గట్టిగా నొక్కిపట్టి హ్యాండిల్ రెండు మూడు తిప్పులు తిప్పి, తర్వాత దారం మెల్లగా లాగితే చాలావరకు అదే వచ్చేస్తుంది. దయచేసి ఎవరికీ చెప్పకండి. రెండు నిమిషాల్లో చిక్కు వీడిపోతే మిగతా గంటన్నర నీళ్ళలో నిలబడి నిజంగా చేపలు పట్టాల్సొస్తుంది.

బేరింగుల గురించి ఎక్కువ చెప్పను. ఐదు ప్లస్ ఒకటి, ఏడు ప్లస్ ఒకటి అని రాస్తారు, ఆ ప్లస్ ఒకటి హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపే రోలరు. పది నాసిరకానికంటే నాలుగు మంచివి మేలు. మన ఉప్పుగాలికి ఏదైనా తుప్పే, వచ్చాక సన్నటి మంచినీటి ధారతో కడిగి డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టాలి. అది చెయ్యకపోతే మరుసటి వారానికి "బేరింగు పట్టేసింది" రెడీగా ఉంటుంది.

హ్యాండిల్ ఎడమా కుడా అన్నది నేను ఎంచుకోలేదు. ఆన్‌లైన్లో కుడిచేతిది ఆర్డరిస్తే ఎడమచేతిది వచ్చింది, వెనక్కి పంపుతానంటే పది రోజులు చాటింగులో ఒక మర్యాదస్తుడు "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చింతిస్తూనే ఉన్నాడు. తర్వాత ఆలోచిస్తే నాకే సిగ్గేసింది, వాళ్ళు ఉచితంగా జీవితకాలం సరిపడా సాకు పంపితే నేను తిరిగిచ్చేస్తానంటానా అని. ఉంచేసుకున్నా.

అన్నీ సిద్ధం చేసుకుని భీమిలిలో గోస్తని కలిసే చోట నిలబడ్డానండీ. పక్కన ఒక తాత. చేతిలో ఖాళీ వాటర్ బాటిలు, దానికి చుట్టిన నైలాన్ దారం, చివర బరువుకి ఇనప నట్టు, ముల్లుకి ఒక రొయ్య. బాటిలు మూతి సముద్రం వైపు పెట్టి, రెండో చేత్తో దారం రెండు చుట్లు తిప్పి వదిలాడు, సుయ్యిమని పోయింది. సాంకేతికంగా చెప్పాలంటే ఆయనది స్పూలు తిరగని రీలు, దారం అంచు మీంచి జారిపోతుంది, తిరగనిది చిక్కుపడదు, స్పిన్నింగ్ రీలు పనిచేసేదీ ఇలాగే. నేను ఇది ఆయనకి వివరించబోయాను. నాది అప్పటికే మూడో సేమ్యా. తాత నా చేతుల్లోకి తొంగిచూసి,

"ఏటి బాబూ, వల అల్లతన్నావేటి?" అన్నాడు.

"కాదు తాతా, రీలు. బ్రేకు సెట్టింగ్ తేడా వచ్చింది."

"ఎంతేటి?"

పన్నెండు వేల నాలుగొందలు అని చెప్పలేక "రెండు వేలు" అన్నాను. "ఒగ్గెయ్ బాబూ, బాటిలుంది, ఇస్తాను" అన్నాడు పాపం, నిజంగానే సంచిలోంచి ఇంకోటి తీశాడు. ఈలోగా ఆయన దారం బిగిసింది, చేతులతోనే లాగి కేజీన్నర పండుగప్ప ఇసకలో పడేశాడు. ఆయనకి గేర్ రేషియో లేదు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోలేం.

ఎనిమిది నెలల్లో నాకు పడింది ఒకటే, నాలుగొందల యాభై గ్రాముల పండుగప్ప పిల్ల. మా ఆవిడ క్యాలెండరు వెనకాల లెక్కేసింది: రీలు 12,400, రాడ్డు 4,600, దారం 1,900, ఎరలు 3,600, మొత్తం 22,500. "కేజీ యాభై వేలు పడిందండీ, హార్బర్‌లో అడిగి చూడమంటారా ఇంకెక్కడైనా ఈ రేటుందేమో" అంది. పెట్రోలు కలపడం మర్చిపోయింది. నేను గుర్తు చెయ్యలేదు.

ఇప్పుడు నా దగ్గర సాకులు కొంచెం తగ్గుముఖం పట్టాయి. గాలి అయిపోయింది, ఉప్పు అయిపోయింది, ఎడమచెయ్యి కూడా పాతబడింది. రెండో రీలు చూస్తున్నాను, 8.1ది. కానీ కంగారు లేదు, వచ్చేది ఏప్రిల్. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. ఆ నిషేధం ఇంజను బోట్లకి, ఒడ్డున గేలం పట్టుకుని నిలబడేవాడికి కాదు. మా ఇంట్లో ఈ రెండో వాక్యం ఎవరికీ తెలీదు. మీరు ఎప్పుడైనా మా వైపు వచ్చి కాఫీ తాగితే దయచేసి ఆ టాపిక్ తేవద్దు.